నా నోరు, మంగ్లీ నాలుక

మంగ్లీ గ్లాసును పెదవుల దాకా తెచ్చి ఆపింది. ఆమె ఆగింది కాబట్టి గదిలో అందరూ ఆగారు. నాకు ఒళ్లు మండింది.

పదిహేనేళ్లుగా ఈ ఇనుప కొండల కింద అరుస్తున్నదాన్ని నేను. గని గేటు ముందు అరిచాను. కాంట్రాక్టరు ఆఫీసు ముందు అరిచాను. దంతెవాడలో కలెక్టరాఫీసు మెట్ల మీద ఎండలో కూర్చుని అరిచాను. నా మాట వినడానికి ఒక్క లారీ కూడా బ్రేకు వేయలేదు. ఈమె ఇంకా నోరే తెరవలేదు. జానెడు గ్లాసు ఎత్తింది, అంతే. జగదల్‌పూర్ షావుకారు కూతురు నేల మీద మోకాళ్లేసుకుని కూర్చుని ఈమె మొహంలోకి పరీక్ష రిజల్టు చూసినట్టు చూస్తోంది.

మొదటి నుంచి చెప్తాను.

మేం ఎనిమిది మందిమి. గని టౌన్‌షిప్‌లో రోడ్లూ క్వార్టర్లూ ఊడ్చే కాంట్రాక్టు ఆడవాళ్లం. ఊడ్చే బండి ఒకటి కొనుక్కొచ్చి మమ్మల్ని ఇళ్లకు పొమ్మన్నారు. మేం పోలేదు. గేటు ముందు టెంటు వేసి మూడు నెలలు కూర్చున్నాం. టెంటు అందరిదీ, మాట నాది. నేను తెలంగాణ సరిహద్దు మీది మరైగూడ మనిషిని. బడిలో రెండో తరగతి దాటలేదు, చదవడం కరపత్రాల మీద నేర్చుకున్నాను. తెలుగు, హిందీ, గోండీ, హల్బీ నాలుగూ మాట్లాడతాను. మాలో నలుగురం తెలుగువాళ్లం, నలుగురు గోండు ఆడవాళ్లు. వాళ్లకు తెలుగు రాదు, వీళ్లకు గోండీ సరిగా రాదు. అందుకని ఎనిమిది మందికీ నోరు నేనే.

ఆ నలుగురిలో మంగ్లీ ఒకతె. గని ఎర్రమట్టి కడిగిన నీళ్లు వాగులో కలిసే చోటికి కొంచెం దిగువన వాళ్ల ఊరు. వారంలో ఆరు రోజులు ఊడ్చేది, సంత రోజున లందా అమ్మేది. లందా అంటే బియ్యప్పిండి ఆవిరికి ఉడికించి, మొలకెత్తిన మక్కల పిండి కలిపి, కుండలో నాలుగు రోజులు పులియబెట్టే పానీయం. సంతలో పదిమంది అమ్ముతారు, మంగ్లీ కుండ ముందే అయిపోతుంది. హిందీ ఆమెకు అర్థమవుతుంది గానీ నోట పెట్టదు. అది క్యాంపు సిపాయిల భాష అని ఆమె లెక్క. ధర్నాలో ఎప్పుడూ నా వెనక నిలబడేది. విలేకరి ఎవరన్నా వచ్చి అడిగితే రెండు ముక్కలు చెప్పేది. నేను ఆ రెండు ముక్కల్ని పది నిమిషాలు చేసి చెప్పేదాన్ని. "మంగ్లీ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టి నాకు తోచిందంతా చెప్పేసేదాన్ని. ఉద్యమంలో అది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆమెకో అలవాటుంది. తాగే నీళ్లు ఇంటి నుంచి సొరకాయ బుర్రలో తెచ్చుకుంటుంది, ఊరి పైన బండల్లో ఉన్న ఊట నీళ్లు. టౌన్‌షిప్ నల్లా ముట్టదు. "కంపెనీ నల్లా నీకు అంటా ఏందే?" అని వెంకమ్మ ఏడిపించేది. మంగ్లీ నవ్వి బుర్ర మూత బిగించుకునేది.

మూడు నెలలయ్యాక టెంటు గుడ్డ చిరిగింది, మా పట్టూ చిరగడం మొదలైంది. అప్పుడొచ్చింది జ్ఞానప్రసూన. జగదల్‌పూర్‌లో మూడు తరాలుగా కిరాణా వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. పిల్ల మాత్రం చిన్నప్పటి నుంచి విశాఖ హాస్టళ్లలో పెరిగింది, అందుకని హల్బీ ముక్క రాదు, హిందీ అంతంతమాత్రం. బెంగుళూరులో ఒక జర్మన్ దగ్గర బీరు చేయడం నేర్చుకుంది. దంతెవాడ నుంచి గనికి పోయే రోడ్డు మీద పాత తునికాకు గోదాము అద్దెకు తీసుకుని నాలుగు స్టీలు ట్యాంకులు దింపింది. చిన్న బ్రూవరీ. "బీరు చేయడంలో ముప్పాతిక పని కడగడమేనండీ. మీకు కడగడం వచ్చు కదా?" అని అడిగింది. ఎనిమిది మందికీ పని ఇవ్వాలి, ఒక్కరిని తగ్గించినా ఎవరం రామన్నాను. ఒప్పుకుంది. ప్రారంభం ఆదివారం. ఆ రోజు నుంచే మా పని మొదలు. రాయపూర్ నుంచి పెద్దవాళ్లు వస్తారు, వాళ్లకు నచ్చితే హోటళ్లకు సరఫరా, నచ్చకపోతే గోదాముకు తాళం. ఇది ఆమె దాచకుండా చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది.

బుధవారం పొద్దున పదింటికి మమ్మల్ని పిలిచింది. "అతిథుల కంటే ముందు మీరు రుచి చూడాలి. మీరు చేసే బీరు మీకే తెలియకపోతే ఎలా?" అంది. ఏ కంపెనీ వాడూ మమ్మల్ని అట్లా పిలవలేదు. పిలిచినందుకు కూడా నాకు అనుమానమే వచ్చింది. వెళ్లాం.

గోదాము లోపల చల్లగా ఉంది. నేలకు తెల్ల టైల్సు వేయించింది. బల్ల మీద సన్నటి, నిటారు గ్లాసులు, కొవ్వొత్తుల్లాగా. ఒక్కొక్క గ్లాసు పక్కన గుండ్రటి అట్టబిళ్ల.

"దీన్ని కోల్ష్ అంటారు. జర్మనీలో కొలోన్ అనే ఊరి బీరు" అంది ప్రసూన. "వెచ్చగా పులియబెట్టి, తర్వాత నెల రోజులు చలిలో పడుకోబెడతాం. అందుకే లేతగా, తేటగా వస్తుంది. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే ఈ అట్టబిళ్ల గ్లాసు మీద మూత పెట్టాలి. పెట్టేదాకా నేను పోస్తూనే ఉంటా."

నేను గోండీలో చెప్పాను. గోండు ఆడవాళ్లు తలలూపారు.

"గట్లయితే మా ఇంటాయనను తోలుకొస్త మేడమ్. అట్ట ముక్క మాత్రం ఆయన చేతికియ్యకు" అంది వెంకమ్మ. వెంకమ్మది మద్దేడ్. ఆమె నవ్వితే గోదాము రేకులు కదులుతాయి.

పోసింది. ఎండుగడ్డి రంగులో ఉంది. పైన తెల్లటి సన్నని నురగ. మంగ్లీ, మిగతా ముగ్గురూ గ్లాసులు వంచి రెండేసి చుక్కలు నేల మీద వదిలారు. తెల్ల టైల్సు మీద చుక్కలు. ప్రసూన గుడ్డ తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఒలకలేదు మేడమ్, పోశారు. పెద్దలకు, చనిపోయినవాళ్లకు. ముందు వాళ్లు తాగాలి" అన్నాను.

ఆ పిల్ల గుడ్డ పక్కన పెట్టింది. తన గ్లాసు లోంచి తనూ రెండు చుక్కలు వదిలింది. చూశారా, ఇట్లాంటివాళ్లను ద్వేషించడం కష్టం. గనివాళ్లే నయం, ద్వేషించడానికి వీలుగా ఉంటారు.

నేను తాగాను. నిజం చెప్పాలి, బాగుంది. మొదట అప్పుడే కాల్చిన రొట్టె వాసన. తర్వాత ఏదో పండు ఉందా లేదా అన్నట్టు. చివర్లో చిన్న చేదు, నోరు పొడిగా, శుభ్రంగా మిగిలింది. సంతలో దొరికే సారా గొంతును గీరుకుంటూ దిగుతుంది. ఇది దిగినట్టే తెలియలేదు. కలిగినవాళ్లకు మత్తు కూడా ఇంత మర్యాదగా వస్తుందా అని కోపమొచ్చింది. కోపంతోనే గ్లాసు ఖాళీ చేశాను. మళ్లీ పోసింది.

"మీలో లందా ఎవరు చేస్తారు?" అని అడిగింది ప్రసూన.

ఏడు చేతులు మంగ్లీ వైపు చూపించాయి. వాటిలో నాదీ ఒకటి. అప్పటికి నాకింకా కుళ్లు పుట్టలేదు.

ప్రసూన మంగ్లీ ముందు నేల మీద కూర్చుంది. మొలక ఎన్ని రోజులు, ఎంత ఎండ అని అడిగింది. నేను గోండీలో అడిగి, తెలుగులో చెప్పాను. రెండు ప్రశ్నలు అట్లా నడిచాయి. మూడో ప్రశ్నకు ప్రసూన లేచి వెళ్లి తన బార్లీ మాల్టు గుప్పెడు తెచ్చింది. అదీ మొలకెత్తించి ఎండబెట్టిందే. మంగ్లీ ఒక గింజ కొరికింది, ఇంకోటి కొరికింది. ఒక గింజను గోటితో చీల్చి లోపలి మొలకను ప్రసూనకు చూపించి, గోటి మీద సగానికి గీత పెట్టింది. ఇక్కడ దాకా పెరిగాక ఆపారని చెప్పడం.

"అవును! కరెక్ట్!" అని ప్రసూన చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది.

నన్ను ఎవరూ అడగలేదు. ఇద్దరూ గింజలు కొరుక్కుంటూ, వేళ్లతో చూపించుకుంటూ, నవ్వుకుంటూ కూర్చున్నారు. మధ్యలో నేను నాలుగు భాషలు పెట్టుకుని గుంజలాగా నిలబడ్డాను.

అప్పుడు ప్రసూన నా వైపు తిరిగింది. "సోమమ్మా, మంగ్లీ గారిని ఒక మాట అడగండి. ఆమెకు కడిగే పని వద్దు. ప్రతి ట్యాంకూ బయటికి పోయే ముందు ఆమె రుచి చూడాలి. ఆమె సరే అంటేనే పోతుంది. చేస్తారా అని అడగండి."

మంగ్లీ గారు. నన్ను సోమమ్మా అంది, ఆమెను గారు అంది.

ఆ మాట నేను మంగ్లీకి చెప్పలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. "బీరు తాగి ఎట్లుందో చెప్పమంటోంది" అని మాత్రం అన్నాను.

ఇదిగో, మంగ్లీ గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగింది అప్పుడే. వాసన చూసింది. ఒక గుక్క తీసుకుని నోట్లో పట్టుకుంది. మింగింది. కళ్లు మూసుకుంది. సొరబుర్ర లోంచి ఒక గుక్క ఊట నీళ్లు తాగి నోరు కడుక్కుని, ఇంకో గుక్క బీరు తీసుకుంది. అప్పుడు నా వైపు చూసి గోండీలో చెప్పింది. దాన్ని తెలుగులో పెడుతున్నాను:

"దీంట్ల కొండ ఉన్నది. అడుగున. తుప్పు కొడవలి నాకినట్టు. అది నీళ్లది. పనిమంతురాలే, గింజ మంచిగ చేసింది, కానీ నీళ్లు కొండవి. పారబొయ్యమను. నీళ్లు మార్చుకోమను."

నేను నా గ్లాసు ఎత్తి తాగాను. వెతికాను. నాలుక మీద, అంగిట్లో, గొంతు మొదట్లో వెతికాను. ఏమీ లేదు. నాకు దొరకలేదు.

మీకు అర్థమైందా? ఎర్రనీళ్ల మీద పదిహేనేళ్లు కొట్లాడినదాన్ని నేను. వాగు నీళ్లు సీసాల్లో పట్టి ఆఫీసర్ల బల్లల మీద వరసగా పెట్టినదాన్ని. "తాగండి సార్, తాగి చూపించండి" అని అరిచినదాన్ని. ఇనుము నీళ్లలోకి దిగిందని నేను చెప్పని మీటింగు లేదు. అట్లాంటిది ఆ ఇనుము నా నోట్లో ఉంటే నాకు తెలియలేదు. ఈ నీళ్లే తాగి తాగి నా నాలుక దానికి అలవాటు పడిపోయింది. ప్రసూనదీ అంతే, వానాకాలం నుంచీ ఈ గోదాము బోరు నీళ్లే తాగుతోంది. బుర్రలో ఊట నీళ్లు మోసుకొచ్చే మంగ్లీకి ఒక్క గుక్కలో తెలిసింది. నా పోరాటం మొత్తాన్ని ఆమె ఒక గుక్కలో చెప్పేసింది. అదీ చప్పుడు చేయకుండా.

"ఏమంటున్నారు?" అని అడిగింది ప్రసూన.

"చాలా బాగుందంటోంది మేడమ్. లేతగా ఉందట. గొంతులో జారిపోతోందట."

నా నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చింది. ఎనిమిది మంది పని కదా, నిజం చెప్తే ఆదివారం ఆగిపోతుంది కదా, అందుకే అన్నానని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. అది ఇంకో అబద్ధం. ఆ పిల్ల మంగ్లీని చూసినట్టు నన్ను ఎవరూ ఏనాడూ చూడలేదు. అదొక్కటే కారణం.

ప్రసూన మొహం వెలిగిపోయింది. సీసా తీసుకుని మంగ్లీ గ్లాసు నిండా పోసింది. మంగ్లీ అట్టబిళ్ల మూత పెట్టలేదు కదా, అందుకని.

మంగ్లీ నిండిన గ్లాసును చూసింది. ప్రసూనను చూసింది. నన్ను చూసింది.

"చెప్పినవా అక్కా?"

"చెప్పిన."

"చెప్పినా పోసిందా?"

నేను అట్టబిళ్లను బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాను.

గోండుల్లో ఒక కట్టుబాటుంది. తాగడానికి కూర్చున్నవాళ్లలో ఒక్కరు కుండ చెడిందన్నా, చేసినామె వాదించకూడదు. లేచి తన చేత్తో కుండ వంచేయాలి. అది అవమానం కాదు, ఎవరికైనా చెడుతుంది. కానీ చెడిందని విన్న తర్వాత అదే మనిషికి నవ్వుతూ మళ్లీ పోస్తే? నీ నోరు ఒక నోరు కాదు, నీ ప్రాణం ఒక ప్రాణం కాదు అన్నట్టు. అట్లా పోసిన ఇంటి గడప మళ్లీ తొక్కరు.

మంగ్లీ గ్లాసును మెల్లగా బల్ల మీద పెట్టింది. చుక్క ఒలకలేదు. సొరబుర్ర భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. ముగ్గురు గోండు ఆడవాళ్లూ లేచారు. మా సమ్మక్క లేచింది, ఆమె పక్కనున్నామె లేచింది, వెంకమ్మ చేతిలో గ్లాసు సగం ఉండగానే దించి లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నా వైపొకసారి చూసి వెళ్లిపోయింది.

పదిహేనేళ్లలో నేను ఎన్నిసార్లు "లేవండి, నడవండి" అని గొంతు చించుకున్నానో. ముగ్గురు లేచేవాళ్లు. అందులో ఇద్దరు మళ్లీ కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఏడుగురు లేచారు. నేను కూర్చునే ఉన్నాను.

"ఏమైంది?" ప్రసూన సీసా దించింది. "నేనేం తప్పు చేశాను? మూత పెట్టలేదు కదా, అందుకే పోశాను. సోమమ్మా, ఏం జరిగింది?"

నా నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. "వాళ్లంతే మేడమ్, అడవి మనుషులు, ఎప్పుడేం చేస్తారో తెలియదు." నోట్లోకి వచ్చేసింది. సరిగ్గా ఇదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా, మమ్మల్ని తీసేసిన రోజు కాంట్రాక్టరు అన్నాడు. ఆ రోజు వాడి కాలరు పట్టుకున్నాను. అదే మాట నా నోట్లో చక్కగా ఒదిగి కూర్చుంది.

మింగాను. అది మాత్రం గీరుకుంటూ దిగింది.

"నేను అబద్ధం చెప్పాను మేడమ్. బాగుందని ఆమె అనలేదు. నీళ్లలో ఇనుముందంది. పారబోయమంది. చెప్పినా మీరు వినకుండా పోశారనుకుంటోంది."

ప్రసూన తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గ్లాసు ఎత్తి తాగింది, వెతికింది, నాలాగే.

"నాకు తెలియడం లేదు" అంది. "వానల్లో పరీక్ష చేయించాను, నీళ్లు బాగానే ఉన్నాయి. ఇప్పుడు మే నెల. బోరు కిందికి దిగిపోయి ఉంటుంది." గ్లాసు దించి, "ఎందుకు చెప్పారు అబద్ధం?" అని అడిగింది.

"అది మీకు కాదు చెప్పాల్సింది" అన్నాను. మొండిగా అన్నాను. సిగ్గు పడినప్పుడు నాకు మొండితనమే వస్తుంది.

"అయితే చెప్పాల్సినవాళ్లకు చెప్పండి. ఆమెను తీసుకురండి, నేను అడుగుతాను."

వాళ్లు రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద వరసగా కూర్చున్నారు. ఇనుపరాయి లారీలు పోతున్నాయి. ఒక్కో లారీకి ఎర్ర దుమ్ము లేచి ఏడుగురి మీదా పడుతోంది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఇన్నేళ్లలో వాళ్ల ఎదుట మైకు లేకుండా నిలబడి మాటలు వెతుక్కోవడం అదే మొదలు.

"మంగ్లీ, నేను ఆమెకు చెప్పలే. మంచిగుందన్నవని చెప్పిన. నువ్వు కొండ ఉన్నదన్నవని ఆమెకు తెల్వదు. తెల్వకనే పోసింది."

గోండీలో చెప్పాను, తెలుగులో మళ్లీ చెప్పాను, అందరికీ తెలియాలని.

"నాకు అనుమానమే" అంది వెంకమ్మ. "తుప్పు అన్నట్టు సగం సగం అర్థమైంది. నువ్వేమో జారిపోతాందంటివి."

"మరి అప్పుడే ఎందుకనలే?"

"నీ నోటికి ఎవరు ఎదురొస్తరు సోమక్కా? పదిహేనేండ్ల సంది వచ్చినోళ్లున్నరా?"

సమ్మక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మంగ్లీ నవ్వలేదు.

"ఎందుకు?" అంది.

దానికి ఉపన్యాసం లేదు. "ఆమె నిన్నడిగింది. నన్నడగలే. నీకు తెలిసింది, నాకు తెల్వలే. కుళ్లు పుట్టింది." ఆగలేక మిగతాది కూడా చెప్పాను. "కడుగుడు కాదు, రుచి చూసే పని నీకిస్తనంది. అదీ నీకు చెప్పలే."

మంగ్లీ బుర్ర మూత తీసింది. తాగుతుందనుకున్నాను. మళ్లీ బిగించింది.

"నిన్నడిగినా నువ్వు చూసేదానివి కాదక్కా" అంది. "నువ్వు రుచి చూడవు. మాట్లాడతవు."

నేను నిలబడే ఉన్నాను.

"టెంటుల నేను రెండు మాటలు చెప్తే నువ్వు శానాసేపు మాట్లాడేదానివి. నా మాటలు రెండే గదా, మిగిలినయి ఎవరియో అని నేను సోంచాయించేదాన్ని. మంచికే మాట్లాడుతున్నవని ఊకున్న."

అది కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను తిరిగి అనేదాన్ని. గోడ దిగి చీర దులుపుకుంది. ఎర్ర దుమ్ము లేచింది.

"ఆమెకు తెల్వకపోతే తప్పు ఆమెది కాదు. పోదాం. కానీ నా మాట ఇగ నువ్వు మొయ్యకు. వెంకమ్మ మోస్తది."

"నేనా!" అంది వెంకమ్మ. "నాకొచ్చేది అరకొర. రెండు ముక్కలు చెప్తే ఒకటి రోడ్డు మీద పడేసుకుంట."

"ఒకటి పడినా మంచిదే" అంది మంగ్లీ. "పది కలపవు గదా."

లోపలికి వచ్చాం. నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. ప్రసూన మంగ్లీ ముందు చేతులు జోడించింది. తెలియక పోశానని చెప్పింది. వెంకమ్మ అది గోండీలో చెప్పడానికి నుదురంతా చెమట పట్టించుకుంది. మంగ్లీ తలూపి మళ్లీ చెప్పింది, ఇందాక నాకు చెప్పిన మాటలే.

"మేడమ్... దీంట్ల కొండ పడ్డది అంటాంది" అంది వెంకమ్మ.

"కొండ పడిందా?"

"పడుడు కాదు... ఉన్నది. కింద. అడుగుకు."

"ట్యాంకు అడుగునా?"

"ట్యాంకు కాదు మేడమ్, ఆగు ఆగు..."

నా నోట్లో సరైన వాక్యం తయారుగా ఉంది. మూడు సెకన్లలో అయిపోయే పని. నోరు తెరిచాను. మంగ్లీ నా వైపు తిరిగి చూసింది. మూసుకున్నాను. పళ్లు నొప్పి పుట్టేలా మూసుకున్నాను.

"కొడవలి!" అని అరిచింది వెంకమ్మ. "తుప్పు కొడవలి మేడమ్! నాకితే ఎట్లుంటదో గట్ల! నీళ్లల్ల ఉన్నదట. నువ్వు పనిమంతురాలివే అంటాంది, గింజ మంచిగ చేసినవట. నీళ్లే మంచియి కావు."

నేను చెప్పి ఉంటే 'పనిమంతురాలివే' అన్న ముక్కను పెద్ద విషయం కింద పడేసి నొక్కేసేదాన్ని. వెంకమ్మ దాన్ని దాని చోటే ఉంచింది. ఆ ముక్క విన్నాకే ప్రసూన కళ్లు తడిశాయి.

ఆమె డ్రాయరు లోంచి నీళ్లలో ఇనుము చూసే కాగితాలు తీసింది. బోరు నీళ్లు గ్లాసులో పట్టి ఒక కాగితం ముంచింది. రంగు మారింది, డబ్బా మీదున్న గీతల్లో ఆఖరు గీత దాకా. "నా ఫిల్టరు దుమ్మును ఆపుతుంది. నీళ్లలో కరిగిన ఇనుమును ఆపలేదు" అని తనలో తాను అన్నట్టు అంది. "నల్ల బీరయితే కనపడేది కాదేమో. ఇది లేత బీరు, ఏదీ దాచుకోలేదు." తర్వాత మంగ్లీని అడిగింది, చేతులతోనే: నేనే వంచాలా? మంగ్లీ తలూపింది.

ప్రసూన వెళ్లి ట్యాంకు కింది కుళాయి తిప్పింది. నెల రోజులు చలిలో పడుకున్న బీరు తెల్లటి నురగతో కాలువలోకి పోయింది. గోదామంతా రొట్టె వాసన.

"ఆదివారం లేదు" అంది ప్రసూన. "నీళ్లు దొరికేదాకా మీ పని ఎప్పుడో చెప్పలేను. అబద్ధం చెప్పలేను."

గోండు ఆడవాళ్లకు వెంకమ్మ చెప్పింది. మంగ్లీ కొంచెం ఆలోచించి జవాబిచ్చింది. వాళ్ల ఊరి పైన ఊటలున్నాయి. కావాలంటే వచ్చి చూడమంది. కానీ ఆ నీళ్లు తనవి కావు, ఊరివి. ఊరిని కూర్చోబెట్టి అడగాలి. ఊరు వద్దంటే వద్దు. ఇస్తే ఎన్ని, ఎట్లా అనేది ఊరే చెప్తుంది. ఎనిమిది మందికీ పని ఉంటేనే తను ఊరిని అడుగుతుంది, ఏడుగురికే అంటే అడగదు.

ఎనిమిది అంది. వేళ్లు కూడా చూపించింది.

నేను అడిగి ఉంటే అరగంట పట్టేది, మధ్యలో పెట్టుబడి మీద ఒక ముక్క పడేది, పిల్ల భయపడేది. ఇది నాలుగు వాక్యాల్లో అయిపోయింది. ప్రసూన సరేనంది. ఈ పరీక్ష కాగితాన్నీ, బోరు నీళ్లనూ పెద్ద ల్యాబుకు పంపిస్తానని, రిపోర్టు వచ్చాక నీళ్ల ఆఫీసుకు రాస్తానని కూడా అంది. మొదట కనిపెట్టిన మనిషిగా మంగ్లీ పేరు రాస్తానంది. షావుకారు కూతురి కాగితాన్ని ఆఫీసులు చదువుతాయి. నా సీసాలను చదవలేదు. పదిహేనేళ్ల కొట్లాటలో ఇది మొదటి మెట్టు, నాకు తెలుసు. సంతోషించాలి. సంతోషం కోసం కూడా వెతికాను.

మధ్యాహ్నానికి ప్రసూన జీపు తీసింది. ముందు సీట్లో మంగ్లీ, వెనక వెంకమ్మ. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. జీపు దుమ్ములోకి పోయిందాకా గుమ్మంలో నిలబడ్డాను.

లోపల బల్ల మీద గ్లాసులున్నాయి. కడిగే పనికే కదా వచ్చింది, ఇంకా పనిలోకి తీసుకోకపోయినా. సమ్మక్క తొట్టిలో నీళ్లు పట్టింది. మంగ్లీ బల్ల మీద పెట్టి పోయిన నిండు గ్లాసు అట్లాగే ఉంది. నురగ పోయింది. తొట్టిలో ఒంపబోయి ఆగాను. ఒక గుక్క తాగాను. నోట్లో పట్టుకున్నాను, ఆమె పట్టుకున్నట్టే. కళ్లు మూసుకున్నాను. ఇంకో గుక్క. పక్క గ్లాసులో వెంకమ్మ వదిలేసిన సగం ఉంది, అదీ తాగాను. చల్లదనం తగ్గింది గానీ లేతగా, తేటగా, బాగుంది. కొండ ఎక్కడా లేదు.

"ఎట్లున్నదక్కా?" అని అడిగింది సమ్మక్క.

"నన్నడగకు" అన్నాను గ్లాసు తొట్టిలో ముంచుతూ. "మంగ్లీ వచ్చినంక అడుగు."